కడుపుమంట

పలుపు విప్పి లాగినా, తోక మెలిపెట్టినా చుక్క లేవలేదు. ముందుకాళ్ళ మీద లేచినట్టే లేచి, తాగినవాడిలా ఊగి, మళ్ళీ కూలబడింది. మెడ తిప్పి ఎడమ డొక్క మీద తల ఆనించుకుని కళ్ళు సగం మూసింది.

వీధి మొత్తం పాలాయన అని పిలిచే ఆ మనిషి పలుపు వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఏడు ఆవుల కొట్టంలో మిగతా ఆరూ నిలబడి అతన్నే చూస్తున్నాయి. గుమ్మంలో తల్లి కూడా నిలబడి చూస్తోంది. ఆవిడ ఏమీ అనడం లేదు. ఏదో ఒకటి అంటే బాగుండునని అతనికి అనిపించింది.

అంతలో వీధి గేటు చప్పుడైంది. పశువుల మేత గురించి రెండు రోజుల శిక్షణకి వెళ్ళిన భార్య మొదటి బస్సుకే దిగింది.

భుజాన సంచి తియ్యకుండానే ఆమె కొట్టంలోకి వచ్చింది. మొగుణ్ణీ అత్తగారినీ పలకరించలేదు. చుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెవులు పట్టుకు చూసింది. చల్లగా ఉన్నాయి. పిడికిలితో ఎడమ డొక్కలో నొక్కింది. లోపల నీళ్ళ తిత్తి కదిలినట్టు గుడగుడమంది.

"ఎప్పట్నుంచి నెమరు వెయ్యడం లేదు?"

నిన్న సాయంత్రం తొట్టిలో మేత సగం మిగిల్చింది. కడుపు నిండిందనుకున్నాడు. నెమరు సంగతి చూడనేలేదు.

"పొద్దుటే చూశాను" అన్నాడు.

"మీరెప్పుడు చూశారని కాదు నేనడిగింది."

వచ్చీ రాగానే మొదలుపెట్టావా అని అతను ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఆ మాట విననట్టే, ఏం పెట్టారని అడిగింది.

కొట్టం గోడ మీద ఒక కాయితం అంటించి ఉంది. ఏ ఆవుకి ఎంత ఎండుగడ్డి, ఎంత పచ్చగడ్డి, ఎంత దాణా అన్నీ అందులో ఉన్నాయి. పై సగం పశువుల డాక్టరు చేతిరాత, కింది సగం ఆమె చేతిరాత. ఆ కాయితం చూసినప్పుడల్లా పాలాయనకి అంకెలు కనపడవు. రెండు చేతిరాతలు ఒకదానికొకటి ఆనుకుని ఉండటమే కనపడుతుంది.

"అందులో ఉన్నదే పెట్టాను" అన్నాడు.

గుమ్మంలో తల్లి చూపు కొడుకు మీద నుంచి తీసి ఎటో చూసింది.

ఆమె సంచిలోంచి ఫోను తీసింది. అతనికి ఒళ్ళు మండింది. ప్రతిదానికీ ఆ డాక్టరేనా అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆవుల్ని సాకుతున్నాననీ, ఇలాంటివి ఎన్నో చూశాననీ, ఒక సీసా నూనె పట్టిస్తే మధ్యాహ్నానికల్లా లేచి నిలబడుతుందనీ అన్నాడు.

"లేవకపోతే?" అని ఆమె అంకెలు నొక్కింది.

నంబరు కోసం ఫోనులో వెతకలేదు. నేరుగా నొక్కేసింది. అది కూడా అతను గమనించాడు.

*

మోటారుసైకిలు వీధి మలుపు తిరగకముందే, అది ఎవరిదో పాలాయన పోల్చేస్తాడు. ఊళ్ళో అలాంటి బళ్ళు వందుంటాయి. అతని చెవులు మాత్రం ఆ ఒక్కదాన్నే పట్టుకుంటాయి.

డాక్టరు పొట్టిగా, బట్టతలతో, ఒక మోకాలు సరిగ్గా వంగని మనిషి. ఎవరైనా చూసి కుళ్ళుకునే రూపం కాదు. ఆ మాట పాలాయన అద్దంలో తనను చూసుకుంటూ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఉపయోగం లేకపోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళందరినీ 'ఏమ్మా' అని పలకరించే ఆ డాక్టరు, ఈమెను మాత్రం ఏమీ పిలవడు. తిన్నగా విషయంలోకి వచ్చేస్తాడు. ఆమె కూడా అంతే. మొగుడితో మూడు మాటల్లో తేల్చేసే మనిషి ఆయనతో గడ్డి గురించి అరగంట మాట్లాడుతుంది. ఒకసారి పాలాయన గడియారం చూసుకున్నాడు. ముప్ఫైనాలుగు నిమిషాలు. అంతసేపూ గడ్డి గురించే. వేరే మాట ఏదైనా చెవిన పడుంటే గట్టిగా దెబ్బలాడేవాడు. గడ్డి గురించి ఏమని దెబ్బలాడతాడు?

డాక్టరు వచ్చి సంచీ దించి, కుంటుకుంటూ చుక్క చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్ళు లోతుకి పోయాయి. మెడ మీద చర్మం చిటికెతో పైకి లాగి వదిలితే చాలాసేపటికి గాని కిందికి దిగలేదు. ఎడమ డొక్క మీద గొట్టం ఆనించి నిమిషం దాటి విన్నాడు. కడుపు కదులుతున్న చప్పుడే లేదు.

వెనకాల పేడ నీళ్ళలా పడి ఉంది, బూడిదరంగులో, నురగతో. ఆయన వేళ్ళతో కాస్త తీసి నలిపాడు. పుల్లటి వాసన గుప్పుమంది. వేళ్ళ మధ్య తెల్లగా మొక్కజొన్న నూక మెరిసింది.

"మొక్కజొన్న ఎంత రాశాం?" అని ఆయన ఆమెను అడిగాడు.

రాశాం, అన్నాడు. ఆ 'శాం' దగ్గర పాలాయన పళ్ళు కొరుక్కున్నాడు.

"రెండు కిలోలు. రెండు పూటలకీ కలిపి."

డాక్టరు అతని వైపు తిరిగాడు. ఈ రెండు రోజులూ ఏమేం పెట్టారని మర్యాదగానే అడిగాడు. భార్యతో చెప్పిన మాటే పాలాయన మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఆ అబద్ధం మొదటిసారి కంటే సులువుగా వచ్చింది.

డాక్టరు డొక్కలో ఒకచోట బొచ్చు గొరిగి, పొడుగాటి సూది గుచ్చి, కడుపులోంచి కాస్త నీరు లాగాడు. దాన్ని చిన్న కాయితమ్ముక్క మీద చుక్కగా వేశాడు. మారిన రంగును డబ్బా మీద రంగులతో పోల్చి చూసి తల పంకించాడు. ముసలావిడకి కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు.

"లోపల పులిసిపోయిందమ్మా. ఆవు కడుపు గడ్డి కోసం పుట్టింది. గింజ ఒక్కసారిగా ఎక్కువ పడితే అరగదు, పులుస్తుంది. ఆ పులుపు నెత్తుట్లోకి ఎక్కుతుంది. ఇప్పుడు ఎక్కుతోంది."

ఆమె గోడ మీద కాయితం ముందుకి వెళ్ళి నిలబడింది. వెనక్కి తిరిగేసరికి ముఖంలో రక్తం లేదు.

"తప్పు నాదే" అంది. "పోయిన వారం దాకా ఒకటిన్నర కిలోలే. మిమ్మల్ని అడక్కుండా నేనే రెండు చేశాను. తొందరపడ్డాను."

డాక్టరు గడ్డం రుద్దుకున్నాడు. అరకిలోతో ఇంత రాకూడదే అన్నాడు. కానీ ఒక్కో పశువు తత్వం ఒక్కోలా ఉంటుందనీ, ఇకమీద పెంచితే గుప్పెడు చొప్పున పెంచమనీ అన్నాడు. గొంతులో చిన్న విసుగు ఉంది. ఆమె తల వంచుకుంది.

ఆ క్షణంలో పాలాయనకి హాయిగా అనిపించింది. ఎండలో నడిచి నడిచి వచ్చి కుండలో చల్లటి నీళ్ళు తాగినంత హాయి. మూడేళ్ళుగా అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియనిదయింది, అదీ ఆయన ముందు. ఆ హాయి ఎందుకో, ఎక్కణ్ణించి వచ్చిందో అతను ఆలోచించలేదు.

*

డాక్టరు సోడా పొట్లాలు విప్పి బకెట్లో కలపడం మొదలుపెట్టాడు. నోట్లోంచి గొట్టం వేసి ఇది పోస్తే పులుపు విరుగుతుందన్నాడు. కలుపుతూ కలుపుతూ ఆగి, మళ్ళీ ఆ నూకల వైపు చూశాడు. ఆయనకింకా నమ్మకం కుదరడం లేదు.

"చూడండి" అన్నాడు పాలాయనతో. "మూడు నాలుగు కిలోలైతే సోడాతో గట్టెక్కుతుంది. పది దాటితే మాత్రం సోడా పోసి కూర్చోవడమంటే దాన్ని చంపుకోవడమే. అప్పుడు డొక్క కోసి లోపలున్నదంతా బయటికి తియ్యాలి. అదీ ఇప్పుడే. సాయంత్రం తెలిస్తే లాభం లేదు. అందుకని మళ్ళీ అడుగుతున్నాను."

చెప్పడానికి ఒక్క మాట చాలు. వేరే డాక్టరెవరైనా అయ్యుంటే చెప్పేసి ఉండేవాడేమో. ఈ మనిషి ముందు, ఆమె పక్కన నిలబడి ఉండగా, నేను చేశానని ఎలా చెప్పడం?

చుక్క పళ్ళు పటపట కొరికింది. ఆ చప్పుడు అతనికి తెలుసు. పశువు నొప్పి ఓర్చుకోలేనప్పుడు చేసే చప్పుడు. మూడేళ్ళ కిందట దాని తల్లి ఈనలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నప్పుడు, చుక్కను కడుపులోంచి లాగింది ఇతని చేతులే.

తల్లి గుమ్మం దిగి రెండడుగులు ముందుకి వేసింది. ఆవిడ నోరు తెరిచేలోపే అతను మాట్లాడాడు.

"రెండు తట్టలు."

డాక్టరు బకెట్లో కర్ర ఆపాడు.

"నిన్న పొద్దున ఒక తట్ట, మధ్యాహ్నం ఒక తట్ట. బరకగా పిండి పట్టించిన మొక్కజొన్న. మామూలు దాణా కాక."

"తట్టకి ఆరు కిలోలు పడుతుంది" అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఏదీ లేదు.

ఎందుకు పెట్టారని డాక్టరు అడగలేదు. అడిగితే తనూ ఎదురు తిట్టొచ్చునని పాలాయన ఎదురుచూశాడు. ఆయన కర్ర పక్కన పెట్టి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, వేణ్ణీళ్ళు కావాలన్నాడు.

*

రెండు సీసాల సెలైను ఎక్కాక నలుగురూ కలిసి ఎత్తితే చుక్క లేచి నిలబడింది. గోడకి ఆనించి కట్టారు. డొక్క మీద మత్తు సూదులు వరసగా పొడిచి డాక్టరు కత్తి అందుకున్నాడు.

తల దగ్గర ముసలావిడ నిలబడింది. పక్కన పనిముట్ల పళ్ళెం పట్టుకుని ఆమె. పాలాయనకి బకెట్లు మోసే పని దొరికింది.

డాక్టరు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి తీసి పోస్తున్నాడు. పుల్లగా, తెల్లగా, ముద్దలు ముద్దలుగా అతను పెట్టిన పిండే అతని బకెట్లో పడుతోంది. దొడ్డి చివర గోతిలో పోసి రావడం, మళ్ళీ వచ్చి నిలబడటం. అయిదో బకెట్టు తర్వాత లెక్క తప్పాడు. కొట్టం నిండా ఆ వాసనే. తన చేతులకీ అదే వాసన.

అంత సిగ్గులోనూ అతని కళ్ళు వాళ్ళిద్దరినీ వదల్లేదు. డాక్టరు చెయ్యి చాపకముందే ఆమె చేతిలో కత్తెర సిద్ధంగా ఉంటోంది. దారం కావాలని ఆయన అడగలేదు, ఆమె అందించింది. ఆవు ప్రాణం పోతుంటే నువ్వు చూసేది ఇదా అని తనను తనే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే చూశాడు.

కడుపు ఖాళీ అయ్యాక కొట్టంలోని ఒక ముసలి ఆవును పక్కకి తెచ్చి, దాని గొంతులోకి గొట్టం వేసి కడుపులో నీరు కాస్త లాగారు. అది చుక్క కడుపులో పోశారు. బాగున్న ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఇందులోకి చేరితే మళ్ళీ అరుగుదల మొదలవుతుందని ఆమె అత్తగారికి వివరించింది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి మందన్నమాట అని ముసలావిడ ఆశ్చర్యపోయింది. ఆ పొద్దున కొట్టంలో ఎవరైనా కాస్త నవ్వారంటే అప్పుడే.

కుట్లు వేసేసరికి పదకొండయింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ జాగ్రత్తలన్నీ పాలాయనకే చెప్పాడు. ఈ రోజుకి నీళ్ళు కొద్దికొద్దిగా, ఎండుగడ్డి తప్ప మరేదీ వద్దు, గిట్టలు వేడెక్కుతాయేమో రోజూ పట్టుకు చూడాలి. నెమరు వేస్తే బతికినట్టు. ఎప్పుడు వేస్తుందో చెప్పలేనన్నాడు.

"ఇంకొంచెం సేపు ఆగుంటే కష్టమయ్యేది. చెప్పడం మంచిదయింది" అన్నాడు చివర్లో.

పాలాయనకి ఆ మెచ్చుకోలు తిట్టుకంటే లోతుగా దిగింది.

డాక్టరు బండి దగ్గరికి వెళ్తుంటే ఆమె వెనకే గేటు దాకా నడిచింది. పాలాయన ఖాళీ బకెట్టుతో అక్కడే ఉన్నాడు. అతను వింటున్నాడని తెలిసీ ఆమె గొంతు తగ్గించలేదు.

"ఆ ఆరు నెలల కోర్సుకి రానన్నాను కదా. ఆ సీటు ఇంకా ఉందా?"

డాక్టరు ఆమెను కాక అతన్ని చూశాడు. సీటు ఉందనీ, ఎల్లుండి సాయంత్రంలోగా పేరు పంపాలనీ, ఇంట్లో అనుకుని చెప్పమనీ అన్నాడు.

ఆరు నెలలు. పై ఊరి పశువైద్య కళాశాలలోనే కాబోలు. వారానికి మూడు రోజులు డాక్టరు కూడా అక్కడే పాఠాలు చెప్తాడు. ఆ కోర్సు సంగతి పాలాయన వినడం అదే మొదటిసారి. రమ్మని ఎప్పుడు పిలిచారో తెలీదు. ఆమె ఎప్పుడు కాదందో తెలీదు.

*

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలన్నీ ఆవు గురించే. నీళ్ళు పెట్టారా, పెట్టాను. గిట్టలు చూశారా, చూశాను. కుట్లు తడిగా ఉన్నాయా, లేవు. ఇవి కాక భార్యాభర్తల మధ్య ఇంకో మాట లేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు కూడా పెద్దగా వినపడింది.

మర్నాడు డాక్టరు వచ్చి కుట్లు చూసి, మందు మార్చి వెళ్ళాడు. కోర్సు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం తల్లి కొడుకు పక్కన కూర్చుంది. తట్టతో కొట్టంలోకి వెళ్ళడం రెండుసార్లూ చూశానని చెప్పింది. అడిగితే కసురుతాడని ఊరుకుందిట. డాక్టరు ముందు తనే చెప్పేస్తే కొడుకు తలెత్తుకోలేడని ఆఖరి దాకా ఆగిందిట.

"ఎందుకు చేశావురా?"

పాలు పెరుగుతాయని అన్నాడు. ఆవిడ నమ్మలేదు. నమ్మలేదని కూడా చెప్పలేదు. లేచి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం అతను కొట్టంలో గిట్టలు పట్టుకు చూస్తున్నాడు. వేడి లేదు. లేవబోతుంటే చుక్క గొంతులో ఏదో ఉండలా పైకి పాకింది. దవడ ఒక పక్కకి జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది.

నెమరు.

అతను కదిలితే ఆపేస్తుందేమోనని అలాగే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత మెల్లగా లేచి ఇంట్లోకి నడిచాడు. ఆమె బట్టలు మడతపెడుతోంది. విషయం చెప్పగానే చేతిలో దుప్పటి వదిలేసి వచ్చింది. ఇద్దరూ గడపలో నిలబడి ఆ దవడ కదలడం చూశారు. ఆమె కళ్ళు తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె భుజం అతని భుజానికి తగిలింది.

ఆ కాస్త తాకిడికే అతనికి నోరు పెగిలింది.

"పాల కోసం పెట్టలేదు" అన్నాడు. "నువ్వు లేని రెండు రోజుల్లో నా చేత్తో నాలుగు లీటర్లు ఎక్కువిచ్చిందని నీకు చూపించాలనుకున్నాను. నువ్వెళ్ళి ఆయనకి చెప్పాలనుకున్నాను."

ఆమె చుక్కనే చూస్తోంది.

"ఆ మనిషంటే నాకు కుళ్ళు. ఆయన బండి చప్పుడు వింటేనే ఒంట్లో బాగుండదు. నువ్వలాంటిదానివి కాదని తెలుసు. తెలిసినా తగ్గదు."

"తట్టల సంగతి మర్చిపోగలను" అంది ఆమె కాసేపటికి. "తప్పు నాదే అన్నప్పుడు మీ మొహం చూశాను. అది మర్చిపోలేకపోతున్నాను. ఆవు చచ్చిపోతోంది, నేను చచ్చిపోయేంత సిగ్గుపడుతున్నాను. మీకు హాయిగా ఉంది."

అతను కాదనలేదు.

"మీ కుళ్ళు ఆయన మీద కాదండీ. నా మీద."

మెత్తగానే అందామె. అనేసి లోపలికి వెళ్ళి చుక్క పక్కన కూర్చుంది. కుట్ల చుట్టూ ఈగలు వాలకుండా గుడ్డతో విసురుతోంది. నెమరు వేసిందని డాక్టరుగారికి ఫోను చెయ్యమంది, తలెత్తకుండానే.

అతని ఫోనులో ఆ నంబరు లేదు. గోడ మీది కాయితం అడుగున ఉన్నది చూసి ఒక్కో అంకె నొక్కాడు. అవతల డాక్టరు ఒక్కసారికే ఎత్తాడు. నెమరు మాట వినగానే ఆయన గొంతు చిన్నపిల్లాడిలా మారింది. నిమిషానికి ఎన్నిసార్లు నములుతోందని అడిగాడు. పాలాయన లెక్కపెట్టి చెప్పాడు. పేడ ఎలా ఉందని అడిగాడు. చెప్పాడు. ఆవు సంగతులు ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు కాసేపటికి గాని అతనికి తెలియలేదు.

"ఇంకో మాట" అన్నాడు డాక్టరు. "పేరు పంపడానికి ఈ సాయంత్రమే ఆఖరు. మీ మాటేమిటి?"

పాలాయన భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పలేదు. ఈగలు తోలుతున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది.

వద్దనడానికి ఒక్క మాట చాలు. ఇంట్లో పని, తల్లి వయసు, ఏడు ఆవులు, అన్నీ సిద్ధంగా ఉన్న సాకులే. సరేననడానికి కూడా ఒక్క మాటే. ఆ మాట తన నోటితో చెప్తే, ఆ అవకాశం తను ఇచ్చినట్టే అవుతుంది.

"నన్నడుగుతారేమిటి డాక్టరుగారూ" అన్నాడు. "ఇదిగో, ఇక్కడే ఉంది."

రెండడుగులు వేసి ఫోను ఆమె వైపు చాపాడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టి ఫోను అందుకుంది. వెంటనే చెవి దగ్గర పెట్టుకోలేదు. మొగుడి ముఖంలోకి చూసింది, మొన్న చూసినంత నిదానంగా, ఈసారి అక్కడ ఏముందో వెతుకుతున్నట్టు.

"హలో, ఉన్నారా?" అంటోంది ఫోను.